ఆయిలు తాగే బండికి చౌక కిరాయి ఎక్కడిది?

జగ్గయ్యపేట, నందిగామ వర్తకులు సరుకు కొనేటప్పుడు చూపే జాగ్రత్తను ఆ సరుకు మోసుకుపోయే బండి విషయంలో చూపడం లేదు. మిర్చి బస్తా విప్పి, కాయను గుప్పిట పట్టి ఆడించి, గలగల వింటేగాని ఆరుదల సంగతి నమ్మరు. తాలు ఎంతో తేల్చనిదే ధర పలకరు. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత అనీ, 12 శాతం దాటితే భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రం సరుకును తిప్పి పంపుతుందనీ దుకాణంలో గుమాస్తాకు కూడా కంఠతా వచ్చు. అదే సరుకు గుంటూరు యార్డుకు బయలుదేరే వేళకు అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: కిరాయి ఎంత? ఆ బండి ఇంజను వెయ్యి కిలోమీటర్లకు ఎంత ఆయిలు తాగుతున్నదని అడిగే వర్తకుడు అరుదు.

నాలుగు వందలు తక్కువకు వచ్చిన పాత పికప్‌ను మాట్లాడి, ఆ మేరకు లాభం చేసుకున్నామనుకోవడం ఈ మెట్ట ప్రాంతంలో మామూలైపోయింది. ఆ నాలుగు వందలు ఎక్కడ తగ్గాయన్నది విచారించదగిన విషయం. డీజిలు పోయకుండా బండి కదలదు. టోల్ గేటు కట్టకుండా దాటదు. ఇక బండి యజమాని చేతిలో మిగిలిన ఖర్చు ఆయిలు, ఫిల్టర్లు, ఇంజను పని. కిరాయి నొక్కిన కొద్దీ వాయిదా పడేది అదే.

2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చిన ఈ పూర్వపు కృష్ణా మెట్ట మండలాల్లో చిన్న బండి లేనిదే సరుకు కదలదు. పెనుగంచిప్రోలు, వత్సవాయి, చందర్లపాడు, వీరులపాడు పల్లెల కల్లాల దగ్గరకు పది టైర్ల లారీ పోదు. పోయినా నింపేందుకు ఒక్క రైతు సరుకు చాలదు. 1980లలో జపాను కంపెనీల సహకారంతో తేలిక రకం ట్రక్కులు దిగినప్పుడు, జహీరాబాదులో తయారైన అల్విన్ నిస్సాన్ బండ్లూ 1986లో వచ్చిన టాటా 407లూ ఈ అవసరాన్ని తీర్చాయి. 2005లో టాటా ఏస్ వచ్చాక వ్యాపారం మరింత చిన్న చిన్న లోడ్లుగా చీలింది. నేడు పది పదిహేనేళ్లు నిండిన బొలెరో పికప్‌లు, టాటా 207లు మిర్చి టిక్కీలతో జాతీయ రహదారి ఎక్కుతున్నాయి. జగ్గయ్యపేట నుంచి గుంటూరుకు రానుపోను సుమారు 220 కిలోమీటర్లు. సీజనులో వారానికి ఐదారు ట్రిప్పులు పడితే వెయ్యి కిలోమీటర్లు దాటిపోతుంది. అందుచేత వెయ్యి కిలోమీటర్ల లెక్క ఈ వ్యాపారానికి వారపు లెక్కే.

పైసలలో చూస్తే చిన్నదే

ఆయిలు అసలే తాగని డీజిల్ ఇంజను ఉండదు. సిలిండరు గోడమీద నిలిచే పలుచని పొరలో కొంత ప్రతి పేలుడుకూ కాలిపోక తప్పదు. మంచి స్థితిలో ఉన్న ఇంజనులో ఈ ఖర్చు కాల్చిన డీజిల్‌లో అర శాతం లోపే ఉంటుంది. లోడుతో లీటరుకు 11 కిలోమీటర్లు ఇచ్చే బండి వెయ్యి కిలోమీటర్లకు సుమారు 91 లీటర్ల డీజిలు తాగుతుంది. అందులో అర శాతమంటే 450 మిల్లీలీటర్లు. అంతవరకు గాబరా అక్కరలేదు. లీటరు దగ్గరకు వస్తే ఒక శాతం దాటినట్టు. అప్పుడు కారణం వెదకాలి. లీటరున్నర దాటిన బండిని దూరం కిరాయికి పంపడం సాహసమే అవుతుంది.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతున్నారు. ఆయిలు లీటరు 350 రూపాయలనుకుంటే, వెయ్యి కిలోమీటర్లకు లీటరు తాగే బండికి కిలోమీటరుకు పడేది 35 పైసలు. గుంటూరు ట్రిప్పు మొత్తానికి 77 రూపాయలు. "ఇంత మాత్రానికి ఇంజను విప్పుతామా?" అని యజమాని అడిగితే పైకి న్యాయంగానే కనబడుతుంది. కాని ఆయిలు పోయే దారి ఏదైతే ఉందో, చాలాసార్లు కంప్రెషన్ జారిపోయే దారీ అదే. రింగులు అరిగి మైలేజి 11 నుంచి 10కి దిగితే వెయ్యి కిలోమీటర్లకు 9 లీటర్ల డీజిలు అదనం. డీజిలు వంద చొప్పున వేసుకున్నా తొమ్మిది వందల రూపాయలు. కంటికి కనిపించే ఆయిలు నష్టంకంటే కనిపించని డీజిలు నష్టం రెండున్నర రెట్లు.

అసలు ముప్పు అంతకంటె పెద్దది. ఈ తరగతి ఇంజనుల్లో ఆయిలు గేజి మీద పై గీతకూ కింది గీతకూ మధ్య తేడా సాధారణంగా లీటరు నుంచి లీటరున్నర. లీటరున్నర తాగే బండి ట్రిప్పుకు 330 మిల్లీలీటర్ల చొప్పున, ఐదో ట్రిప్పు ముగిసేసరికే ఆ తేడాను పూర్తిగా తాగేస్తుంది. సోమవారం నింపి, శనివారం దాకా గేజి చూడని డ్రైవరు వారాంతపు లోడును కింది గీత దిగువనే లాగుతాడు. ఆయిలు ఒత్తిడి తగ్గి బేరింగులు పట్టేస్తే క్రాంకుషాఫ్టు దాకా పోతుంది. కంచికచర్ల దాటాక రాత్రిపూట ఇంజను పట్టేసిందనుకుంటే, మరో బండి కిరాయి, హమాలీలకు రెండోసారి ఎత్తుడు కూలి, మార్చి ఏప్రిల్ నెలల్లో అకాల వర్షం కురిస్తే తడిసిన టిక్కీలు. ఉదయం బేరాలకు సరుకు అందక మర్నాటికి పడితే, ఆ ఒక్కరోజులో క్వింటాలుకు తగ్గే ధర ముందు నాలుగు వందల ఆదా ఏ మూలకు? ఆ నష్టం బండి యజమాని భరించడు, భరించలేడు. సరుకు ఎవరిదో వారిదే.

దుమ్ము చేసే పని

ఈ ప్రాంతపు బండ్లు బోరుకు త్వరగా రావడానికి వయసొక్కటే కారణం కాదు. బండి సగం జీవితం నల్లరేగడి పొలం బాటల్లో, మిగిలిన సగం సున్నపురాయి లారీలు తిరిగే రోడ్లపై గడుస్తుంది. సున్నపురాయి దుమ్ము మెత్తనిది, ఫిల్టరును పూడుస్తుంది. పొలం బాటలో లేచే ఇసుక రేణువు అలా కాదు. లోపలికి పోతే రింగునూ లైనరునూ ఆకురాయిలా అరగదీస్తుంది. అది పోయే దారి ఎయిర్ ఫిల్టరు. ఫిల్టరును నేలకేసి కొట్టి దులపడం, గాలి మిషనుతో బయటినుంచి లోపలికి ఊదడం ఈ దారిలోని షెడ్లలో నిత్యం కనిపించే దృశ్యాలు. కాగితం చిరిగితే ఫిల్టరు ఉన్నా లేనట్టే. ఫిల్టరునుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం పగిలితే దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి నెలల తరబడి నడిపేవారున్నారు. ఫిల్టరు, గొట్టం, రెండు క్లిప్పులు కలిపి అయ్యే ఖర్చుకూ, బోరు కొట్టించి పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చే ఖర్చుకూ పోలికే లేదు. మిర్చిలో పురుగుమందుకు లెక్కలేకుండా పెట్టే రైతు కూడా తన సొంత బండి ఫిల్టరు దగ్గరకు వచ్చేసరికి చేయి ముడుస్తాడు. ఇది వింత.

ఆయిలు తగ్గుతున్నదనగానే బోరుకు పంపమని చెప్పే మెకానిక్కుల మాట కూడా తూచి వినాలి. మొదట బండి రాత్రి నిలిచిన చోట నేల చూడాలి. చాంబరు కింద, క్రాంకు సీలు దగ్గర కారుతుంటే ఆ ఆయిలు కాలడం లేదు, నేలపాలవుతున్నది. వంతెన దిగుతూ యాక్సిలరేటరు వదిలి మళ్లీ నొక్కినప్పుడు ఒక్కసారి నీలి పొగ గుప్పున వచ్చి ఆగిపోతే అనుమానించవలసింది వాల్వు గైడ్లను, వాల్వు సీళ్లను. లోడుతో లాగుతున్నంతసేపూ నీలి పొగ వదలకపోతే రింగులు. ఆయిలు పోసే మూత తీసినపుడు ఆవిరి బుసబుసా తన్నితే, షెడ్లలో బ్యాక్ కంప్రెషన్ అనేది అదే. అయితే బ్రీదరు గొట్టం మూసుకుపోయినా ఇదే లక్షణం కనబడుతుంది కనుక, ముందు ఆ గొట్టం శుభ్రం చేయించాలి. టర్బో ఉన్న బండిలో దాని గొట్టం విప్పితే లోపల ఆయిలు తడి ఏమేరకు ఉన్నదో తెలిసిపోతుంది. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించి, ఆ అంకెలు కాగితంమీద రాయించుకున్న తర్వాతే విజయవాడ ఆటోనగర్ దారి పట్టడం మంచిది. నల్ల పొగ వేరు. అది డీజిలు సరిగా కాలకపోవడం వల్ల వచ్చేది.

ఆయిలు అసలు తగ్గడమే లేదని చెప్పుకునే బండి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పాతబడిన ఇంజెక్టర్లు కారితే డీజిలు చాంబరులోకి దిగి, కాలిపోయిన ఆయిలు స్థానాన్ని పూరిస్తుంది. గేజిమీద మట్టం నిలకడగా ఉంటుంది. ఆయిలు మాత్రం నీళ్లలా పలుచబడి బేరింగులను కాపాడలేదు. గేజి పుల్లను వాసన చూస్తే డీజిలు పసిగట్టవచ్చు. ధర నిలకడగా ఉందని నిల్వలు చూడకుండా కొన్నవాడి గతి ఎలాంటిదో వర్తకులకు చెప్పనక్కరలేదు.

డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిలు ఇంకొక జాడ్యం. వాడేసిన ఆయిలును వడగట్టి, రంగు కలిపి అమ్మితే కంటితో గుర్తించడం అనుభవమున్నవారికీ కష్టమే. లీటరుకు వంద తగ్గిందన్న సంతోషం రింగులు జిగురుపట్టి బిగుసుకుపోయే దాకానే. బండి కంపెనీ చెప్పిన గ్రేడు, సాధారణంగా 15డబ్ల్యు-40, సీలు చెడని డబ్బాలో, బిల్లుతో కొనాలి. ఆయిలు తాగుతున్నదని మరింత చిక్కటి రకం పోయడం తాత్కాలికంగా పొగను దాచడానికే పనికివస్తుంది. ఆ ఉపాయంతో పాత బండిని అమ్ముకున్నవారున్నారు. కొన్నవారికే తర్వాత తెలుస్తుంది. పై గీత దాటించి పోయడం కూడా మేలు చేయదు. ఎక్కువైన ఆయిలు చిలికి నురగై బ్రీదరు గుండా మళ్లీ ఇంజనులోకే పోయి కాలుతుంది.

బండి యజమానుల పక్షాన చెప్పవలసిన మాట ఒకటుంది. వీరిలో ఎక్కువమంది ఒక్క బండితో, ఫైనాన్సు వాయిదాలతో బతికేవారు. సీజనులో పని ఆపి ఇంజను విప్పమంటే విప్పరు. అన్‌సీజనులో విప్పుదామంటే చేతిలో డబ్బుండదు. ఈ ముడి విప్పగలిగినవారు కమీషన్ వ్యాపారులు, ట్రాన్స్‌పోర్టు బ్రోకర్లే. రైతుకు పెట్టుబడికి అడ్వాన్సులిచ్చి పంటమీద రాబట్టుకోవడం వారికి తాతల నాటి పని. అదే పద్ధతిని బండికి వర్తింపజేయడంలో కష్టమేమీ లేదు. మిర్చి రాకలు మే నెలతో తగ్గుముఖం పడతాయి. పత్తి దసరా దాటాక గాని ఊపందుకోదు. మధ్యలో ఆషాఢ, శ్రావణ మాసాలు బండ్లకు తీరిక కాలం. ఏటా తమకు నమ్మకంగా తిరిగే బండ్లలో కంప్రెషన్ పడిపోయినవి ఏవో గుర్తించి, ఆ రెండు నెలల్లో ఇంజను పనికి అడ్వాన్సు ఇచ్చి, సీజనులో ట్రిప్పుకింత చొప్పున విరుచుకుంటే సరిపోతుంది. డబ్బు యజమాని చేతికి కాక, విడిభాగాల దుకాణానికీ బోరు షెడ్డుకూ బిల్లుమీద చెల్లించడం క్షేమం.

అడ్వాన్సు ఇచ్చే స్తోమత లేని చిన్న వర్తకులు కనీసం కిరాయి ఖాతాలో ఒక గడి పెంచవచ్చు. బండి నంబరు, తేదీ, కిరాయి పక్కన ఓడోమీటరు అంకె, కలిపిన ఆయిలు. బండిని సమతలంమీద నిలిపి, ఇంజను ఆపిన పది నిమిషాలకు, గుమాస్తా ఎదుటనే గేజి చూడాలి. కింది గీత దగ్గర ఉన్న బండికి లోడు ఎత్తకముందే ఆయిలు పోయించి, ఆ డబ్బు కిరాయిలో పట్టుకోవాలి. ఒక్క నెల ఇలా రాస్తే ఏ బండి ఎంత తాగుతున్నదో ఎవరి మాటమీదా ఆధారపడకుండా తేలుతుంది. అర లీటరు లోపు తాగే బండికి ట్రిప్పుకు రెండు వందలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. లీటరున్నర తాగే బండిని ఊళ్లో గోడౌను నుంచి జిన్నింగు మిల్లు దాకా తిప్పుకోవచ్చు. గుంటూరు లోడు మాత్రం దానికి ఎత్తరాదు.