మా గ్రూపులో రాజకీయాలు వద్దండీ

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకే నియమం, రాజకీయాలు మాట్లాడకూడదు. గుడ్ మార్నింగ్ పువ్వులు, నీళ్ల ట్యాంకర్ వచ్చే టైము, పనిమనిషి సెలవుల గోల, అంతే. నాకూ హాయిగానే ఉండేది.

పోయిన నెల గేటు పక్కనుండే కూరగాయల బండి ఫోటో ఎవరో పెట్టారు. కారు తిప్పుకోవడానికి అడ్డమట. యాప్‌లో ఫిర్యాదు చేశామన్నారు. పదిమంది బొటనవేలు బొమ్మ పెట్టారు, అందులో నేనూ ఒకదాన్ని. మూడో రోజుకల్లా బండి లేదు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా కొసరు కరివేపాకు వెయ్యకుండా నన్ను పంపలేదు ఆవిడ.

తర్వాత మా అమ్మాయి చెప్పింది, వీళ్ల కోసం 2014లో ఒక చట్టమే వచ్చిందని. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ తీసేయకూడదట. ఊళ్లో ఎక్కడ అమ్ముకోవాలో చూసే కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. మేం ఎవర్నీ అడగలేదు, ఆవిడని అసలే అడగలేదు. ఒక మనిషి బతుకుతెరువు తేల్చేసి, రాజకీయాలు మాట్లాడలేదనుకున్నాం!

2016లో కేబీఆర్ పార్కు దగ్గర ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టేస్తారంటే హైదరాబాద్‌లో మాలాంటి ఇళ్లవాళ్లు కూడా ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. మంచి పనే చేశారు. మరుసటేడు ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్ మూసేశారు. జీతాల కోసం, ఉద్యోగాల కోసం జనం వచ్చి కూర్చునే చోటది. 2018లో హైకోర్టు చెప్పేదాకా మళ్లీ కూర్చోనివ్వలేదు. అన్నాళ్లూ మా ఇంట్లో దాని ఊసే లేదు. "ట్రాఫిక్ తగ్గిందిలే" అని మావారు ఒకసారి అన్నట్టు గుర్తు. చెట్టు కోసం నిలబడితే పౌరులట, జీతం కోసం కూర్చుంటే రాజకీయమట. ఈ తేడా మనకెవరు నేర్పారో నాకిప్పటికీ అర్థం కాదు.

2020 కార్పొరేషన్ ఎన్నికల్లో 150 డివిజన్లలో సగం ఆడవాళ్లకే కేటాయించారు. ఓటర్లలో సగం మంది కూడా ఓటెయ్యలేదు. నేను వేశాను కానీ, గెలిచినావిడ దగ్గరికి ఒక్కసారీ వెళ్లలేదు.

మొన్న గ్రూపులో రాశాను, గోడవారగా బండికి చోటిద్దాం, వార్డు ఆఫీసులో అడుగుదాం అని. "మేడమ్, రాజకీయాలు వద్దు ప్లీజ్" అని వెంటనే జవాబు. ఇద్దరు మాత్రం విడిగా మెసేజ్ పెట్టారు, మేమూ వస్తామని. సోమవారం వెళ్దామనుకున్నాం. ముందు ఆవిడని కనుక్కోవాలి కదా. చూస్తే, మా ముగ్గురిలో ఎవరి దగ్గరా ఆవిడ ఫోన్ నంబరు లేదు.