నాటకశాలలో నవ్వు

పాపఘ్ని పెన్నలో కలిసే చోటికి చేరువనున్న కమలాపురం వంటి ఊరిలో పౌరాణిక నాటకమని వినగానే నేటి విద్యార్థికి ఉత్సాహం కలుగదు. పద్యాలు అర్థం కావని, రాగాలాపన ఒక పట్టాన తెమలదని అతని భయం. అటువంటి బాలుడే పెద్దల బలవంతంపై సురభివారి ‘మాయాబజార్’కు వెళితే కొంతసేపటికే కడుపుబ్బ నవ్వుతాడు. మాయాశశిరేఖను చూచి లక్ష్మణకుమారుడు బెదరుతున్నప్పుడు అతడు కూర్చున్నచోట కూర్చోలేడు. ఇదే కథను 1957 నాటి చలనచిత్రంలో పలుమార్లు చూచినవానికి సైతం ఈ ఆనందం క్రొత్తగానే తోస్తుంది. ఇందుకు కారణమేమి?

వెండితెర మీది నటునికి మన నవ్వు వినబడదు. రంగస్థల నటునికి వినబడుతుంది. నవ్వు ఉప్పొంగితే అతడు మాట ఆపి వేచి ఉంటాడు. హార్మోనియం శ్రుతి విడువక అతనికి అండగా నిలుస్తుంది. సభ చప్పబడితే అతడే ఒక చమత్కారం కల్పించి దానిని మేల్కొల్పుతాడు. ప్రేక్షకుడు కూడా నాటకంలో ఒక పాత్ర అవుతాడు. అనుకోని ఆనందానికి మూలం ఇదే.

ఈ విద్య కడప సీమకు పరాయిది కాదు. ఈ జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’ ఆడి రంగస్థలం ఎక్కిన కుటుంబాలవారు అంతకుముందు తోలుబొమ్మలు ఆడించినవారే. రామాయణ కథ నడుమ కేతిగాడు, బంగారక్క తెరపైకి వచ్చి ఊరి సంగతులెత్తి నవ్వించడం ఆ ఆటలో పరిపాటి. అప్పటికప్పుడు మాట పుట్టించే స్వేచ్ఛ ఆ బొమ్మలాటలోనే ఉన్నది.

అయితే ఈ స్వేచ్ఛ రెండు వైపులా పదునున్న కత్తి. కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ని వేశ్యావ్యసనాన్ని ఖండించడానికి వ్రాశారు. కాలక్రమాన ప్రదర్శనలలో సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ మూలంలో లేని మోటు మాటలు పెరిగినవి. ఆ పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యులు అభ్యంతరం తెలిపిన మీదట 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించినది. నొచ్చుకున్నవారి బాధ నిజమైనదే. కాని ప్రదర్శకులు చేర్చిన మాటలకు రచన మొత్తం శిక్ష అనుభవించడం న్యాయమా? కలుపు పెరిగినదని ఏ రైతూ చేను తగులబెట్టడు.

వ్యసనాన్ని చూచి నవ్వడం వేరు, కులాన్ని చూచి నవ్వడం వేరు. ఈ వివేకం ప్రభుత్వపుటుత్తరువులతో అలవడదు. మంచి హాస్యాన్ని రుచి చూచినవారికే అలవడుతుంది. ఆ రుచి చూపించడానికి బడికి మించిన చోటు లేదు. ఏడాదికొక్క సాయంకాలం పాఠశాల ఆవరణలో ఒక హాస్య సంగీత నాటకం ఆడించి, మరునాడు తరగతిలో “నిన్న మనం ఎవరిని చూచి నవ్వాము? ఎందుకు నవ్వాము?” అని ఉపాధ్యాయుడు అడిగితే చాలును. ఆ ప్రశ్నకు జవాబు వెదికిన బాలుడు రేపు మంచి ప్రేక్షకుడవుతాడు. మంచి ప్రేక్షకుడున్న ఊరిలో నటుడు మోటు మాటకు దిగవలసిన అవసరముండదు.