కట్టిన పేక కొనాలా, పొట్లాలు చింపాలా?

సాయంత్రం బడి వదలగానే కిరాణా కొట్టు ముందు పిల్లలు మూగడం కొత్త కాదు. ఒకప్పుడు నిమ్మతొనల కోసం మూగేవారు. ఆ తరువాత అట్ట మీద అంటించిన చీటీలు చించి బొమ్మ తగిలిందా లేదా చూసుకునే లాటరీ కోసం మూగారు. ఇప్పుడు పోకెమాన్ బొమ్మల ముక్కల కోసం మూగుతున్నారు. పది రూపాయలు ఇస్తే తళతళలాడే పొట్లం చేతికి వస్తుంది. లోపల ఏ బొమ్మ ఉందో చింపేదాకా తెలియదు. వచ్చింది నచ్చకపోతే మర్నాడు ఇంకో పది రూపాయలు. కూలికి వెళ్లే తల్లి పెన్నుకని ఇచ్చిన డబ్బు, తాత పండుగకు చేతిలో పెట్టిన నోటు ఈ దారినే పోతున్నాయి.

ఇది ఇలా ఉండగా, అమెరికాలో ఉన్న మేనమామలు, బాబాయిలు సెలవులకు వచ్చినప్పుడు మరో రకం పెట్టె తెస్తున్నారు. అందులో 60 ముక్కలు ముందే ఎంచి, కూర్చి ఉంటాయి. విప్పి కలిపి ఆడుకోవడమే. అలాంటివే పట్టణాల బొమ్మల దుకాణాల్లోనూ, ఫోనులో తెప్పించుకునే అంగళ్లలోనూ అమ్ముతున్నారు. పక్కింటి వాడికి వచ్చింది కదా, నాకూ కావాలని పిల్లవాడు మారాం చేస్తాడు. అసలు సరుకు పెట్టె ఖరీదు ఒక రోజు కూలికి మించే ఉంటుంది. అంత పోసి కొనదగిన వస్తువేనా అన్నది తల్లిదండ్రుల ప్రశ్న. ఆట తీరు తెలిస్తే గాని దీనికి జవాబు చెప్పడానికి లేదు.

రమ్మీ ఆడేవారికి ఇలా చెబితే తెలుస్తుంది. రమ్మీలో పేక అందరిదీ. నలుగురు కూర్చున్నా ఆరుగురు కూర్చున్నా కలిపి పంచేది ఒకే రాశి నుంచి. ఈ ఆటలో ఎవరి పేక వారే తెచ్చుకోవాలి, కోడిపందేనికి ఎవరి పుంజు వారు తెచ్చుకున్నట్టు. వేల రకాల ముక్కలు అచ్చవుతాయి. వాటిలో తనకు కావలసినవి ఏరుకుని పేక కట్టుకోవడం ఆటలో సగం. కట్టిన పేకతో ఎదుటివాడిని ఓడించడం మిగతా సగం.

ఈ పద్ధతికి ఆద్యుడు అమెరికాలో లెక్కల పాఠాలు చెప్పిన రిచర్డ్ గార్ఫీల్డ్. ఆయన కల్పించిన మేజిక్ ది గేదరింగ్ అనే ఆటను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ 1993లో విడుదల చేసింది. ఆ సంస్థ ఉన్నది మన తెలుగు వారు ఎందరో కాపురముంటున్న సియాటిల్ పక్కనే, రెంటన్ అనే ఊళ్లో. జపానులో 1996లో పోకెమాన్ ముక్కలు, 1999లో యుగియో ముక్కలు వచ్చాయి. విశేషమేమంటే మొదట్లో మేజిక్ వారు అమ్మిన స్టార్టర్ పెట్టెలో 60 ముక్కలు ఉండేవే గాని, ఏవి వస్తాయో తెలిసేది కాదు. పేరుకు పేక, నిజానికి పెద్ద పొట్లం. ఆ పెట్టె కొన్నవాడు మళ్లీ పొట్లాలు కొంటే గాని సరైన పేక కుదిరేది కాదు. ఫలానా ముక్కలు అని ముందే నిర్ణయించి కూర్చిన పేకలను ఆ సంస్థ 1997లో టెంపెస్ట్ అనే వరుసతో మొదలుపెట్టింది. పోకెమాన్ వారు 1999లో అమెరికాలో అడుగుపెట్టినప్పుడే ఇలాంటి పేకలు నాలుగు తెచ్చారు.

పొట్లాలు కొని ఇంట్లోనే పేక కట్టుకోవచ్చు కదా అనే వారున్నారు. పోకెమాన్ పొట్లంలో ఇప్పుడు పది ముక్కలు ఉంటాయి. ఆరు పొట్లాలు కొంటే 60 అవుతాయి, లెక్క సరిపోయింది. కాని పేక కుదరదు. చారిజార్డ్ అనే రెక్కల బల్లి బొమ్మ పిల్లలందరికీ ప్రాణం. మామూలు చారిజార్డ్ ను బల్ల మీద దించాలంటే ముందు దాని పిల్ల చార్మాండర్ దిగి ఉండాలి. మధ్యలో చార్మీలియన్ అనే మరో మెట్టు ఉంది. అదృష్టం కొద్దీ పొట్లంలో చారిజార్డ్ తగిలినా చార్మాండర్ లేకపోతే దాన్ని చూసుకుని మురవడమే తప్ప ఆడేది లేదు. దూడ పుట్టకుండా ఎద్దును నాగలికి కట్టలేం కదా.

పాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. మేజిక్ ఆటలో భూమి ముక్కలని ఉంటాయి. అవి దిగితేనే తక్కిన ముక్కలు దించే బలం వస్తుంది. 60 ముక్కల పేకలో సుమారు 24 భూమి ముక్కలు ఉండాలని ఆడేవారి లెక్క. కొత్తగా నేర్చేవాడికి భూమి ముక్క చప్పగా కనిపిస్తుంది. పది పెట్టి ఊరుకుంటాడు. రాక్షసులను, మంత్రగాళ్లను మాత్రం నలభైకి పైగా కుక్కుతాడు. ఆటలో కూర్చున్నాక చేతి నిండా రాక్షసులే, దించడానికి సెంటు భూమి ఉండదు. భూమి లేనివాడి పాట్లు పల్లెటూరి వారికి ఎవరూ వివరించనక్కరలేదు. ఇడ్లీ పిండికి మినప్పప్పు ఎంత, రవ్వ ఎంత అన్నది తల్లి చేతిని చూసి నేర్చుకున్నట్టే, పేకలో ఏది ఎంత ఉండాలో కట్టిన పేకను చూసి నేర్చుకోవాలి. పుస్తకం చదివినా రాని జ్ఞానం ఇది. పెట్టె ఖరీదులో సగం దీనికే ఇచ్చామనుకున్నా నష్టం లేదు.

అలాగని ఆ పేకలు గొప్పవని కాదు. అమ్మేవాడి ఎత్తుగడ అందులోనూ ఉంది. మంచి ఆటగాడు తన పేకలో గట్టి ముక్కను నాలుగేసి పెట్టుకుంటాడు. పోకెమాన్ లోనూ, మేజిక్ లోనూ ఒకే ముక్కను నాలుగుకు మించి పెట్టరాదని నియమం. సాదా శక్తి ముక్కలకు, సాదా భూమి ముక్కలకు మాత్రం ఆ హద్దు లేదు. కట్టిన పేకల్లో చాలావాటిలో గట్టి ముక్క ఒకటో రెండో ఉంటుంది. తక్కినవి సాదాసీదావి. దీనివల్ల కలిగే తేడా చిన్నది కాదు. 60 ముక్కల్లో నుంచి మొదట ఏడు తీస్తారు. ఒకే ఒక్కటి ఉన్న ముక్క ఆ ఏడులో వచ్చేది నూరు ఆటలకు సుమారు 12 సార్లు. అదే నాలుగు ఉంటే ఒకటైనా వచ్చేది 40 సార్లు. ఇంట్లో అన్నదమ్ములు అలాంటి పేకలతోనే ఆడుకున్నంతకాలం ఇద్దరికీ ఒకే లోటు కనుక చిక్కు లేదు. పట్టణంలో పోటీకి వెళ్లిన నాడు మాత్రం మూడు వంతులు ఓటమికి సిద్ధపడి వెళ్లాలి.

యుగియోలో మూడుకు మించి పెట్టరాదు. అందుకని ఆ ఆట ముదిరిన వారు ఒకే రకం కట్టిన పేకను మూడు పెట్టెలు కొని, మంచి ముక్కలు ఏరి ఒక్క పేక కట్టుకోమని కొత్తవారికి సలహా ఇస్తుంటారు. మూడు చొక్కాలు కొని విప్పి ఒక చొక్కా కుట్టించుకోవడం లాంటిది ఇది. డబ్బున్న వారికి చెల్లుతుంది.

కట్టిన పేక ఎప్పుడూ పనికిమాలినదే అనుకుంటే పొరపాటు అని చెప్పడానికి 2011లో జరిగిన ఒక తమాషా ఉంది. మేజిక్ పోటీల్లో స్టోన్ ఫోర్జ్ మిస్టిక్ అనే ముక్క మరీ ఆగడం చేస్తోందని ఆ సంస్థ జూలై 1 నుంచి ప్రధానమైన పోటీ తరగతిలో నిషేధించింది. తీరా చూస్తే కొద్ది వారాల ముందు తామే అమ్మిన వార్ ఆఫ్ అట్రిషన్ అనే కట్టిన పేకలో అవే ముక్కలు రెండు ఉన్నాయి. నిన్న అమ్మి ఈరోజు చెల్లదంటే కొన్నవాడు ఊరుకుంటాడా? దాంతో ఒక మినహాయింపు ఇచ్చారు. ఆ పేకను ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క కూడా మార్చకుండా తెచ్చేవాడు ఆడవచ్చు. మరొకరు ఆ ముక్క వాడరాదు. కట్టిన పేకకు అంతటి గౌరవం దక్కడం అరుదు.

ఇక అసలు చిక్కు ఆశ దగ్గర ఉంది. దాచిపెడితే లక్షలు వస్తాయని పిల్లలే కాదు, కొందరు పెద్దలు కూడా నమ్ముతున్నారు. 2021లో లోగన్ పాల్ అనే అమెరికావాడు పికాచు ఇలస్ట్రేటర్ అనే ముక్కను 52 లక్షల 75 వేల డాలర్లకు కొన్న కబురు ఫోనులో చూడని కుర్రాడు లేడు. అయితే ఆ ముక్క ఏ కొట్లోనూ, ఏ పొట్లంలోనూ అమ్మినది కాదు. 1997, 98లలో జపానులో బొమ్మలు గీసే పోటీల్లో నెగ్గిన వారికి బహుమతిగా ఇచ్చినది. ఈ ముక్క చెప్పేవారు తక్కువ. కట్టిన పేక విషయంలోనైతే ఆశకు బొత్తిగా చోటు లేదు. 1999 నాటి పోకెమాన్ తొలి స్టార్టర్ పెట్టెలో మచాంప్ అనే మెరుపు ముక్క ఒకటి వేశారు. ప్రతి పెట్టెలోనూ అదే. అందరి దగ్గరా ఉన్నదానికి గిరాకీ ఏముంటుంది? అదే కాలపు చారిజార్డ్ పొట్లాల్లో తప్ప రాలేదు కనుక దాని ధర ఆకాశానికి పోయింది. కట్టిన పేకలో వచ్చేది ఆడుకునే సరుకే గాని అమ్ముకునే సరుకు కాదు. నిజానికి ఇదే దాని మంచి గుణం. ఏం కొంటున్నామో పెట్టె మీద రాసి ఉంటుంది, అదే లోపల ఉంటుంది.

పేక అనగానే పోలీసులు, పందేలు గుర్తొచ్చి పెట్టెను గడప తొక్కనివ్వని ఇళ్లు కూడా ఉన్నాయి. వారి భయం అర్థం లేనిది కాదు. పేకాటలో ఎకరాలు పోగొట్టుకున్న వారిని చూసిన ఊళ్లు ఇవి. కాని రమ్మీ సైతం ప్రధానంగా నేర్పు మీద ఆధారపడిన ఆటేనని మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఈ బొమ్మల ఆటలో పందెం లేదు, ఆలోచన ఉంది. కూడికలు, తీసివేతలు నోటితో చేయాలి. ముక్క మీద ఇంగ్లీషులో రాసి ఉన్నది చదివి అర్థం చేసుకోవాలి, ఎందుకంటే తెలుగులో ఇవి అచ్చు కాలేదు. జూదం వాసన ఉన్నది ఆటలో కాదు, పొట్లం చింపడంలో. విచిత్రమేమంటే పేక పెట్టెను అడ్డుకునే తండ్రి రోజూ పది రూపాయల పొట్లానికి అడ్డు చెప్పడం లేదు. నెలకు ముప్పై పొట్లాలంటే మూడు వందల రూపాయలు. ఐదారు నెలలకు కట్టిన పేక ఖరీదు దాటిపోతుంది. ఇంట్లో మిగిలేది చొక్కా జేబులో నలిగిన ముక్కలు.

కొట్లలో దొరికే ఆ పొట్లాల్లో చాలా మటుకు నకిలీవి. బంగారు రంగు పూసి, పేరులో అక్షరదోషాలతో అచ్చు వేసినవే ఎక్కువ. అసలు పోకెమాన్ ముక్క మీద ప్రాణబలం అంకె మూడంకెలు దాటదు. నాలుగంకెలు కనిపిస్తే అనుమానించవలసిందే. బొమ్మగా దాచుకునే పిల్లవాడికి నకిలీ అయినా ఒకటే, కాదనలేం. ఆడదామంటే మాత్రం వెనకవైపు రంగు తేడా పట్టిచ్చేస్తుంది. పేకలో కలిపితే ఏ ముక్క వస్తోందో ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది.

కొనేవారు ఒక్క పేక కొని పొరబడుతున్నారు. ఆడడానికి ఇద్దరు కావాలి, రెండు పేకలు కావాలి. ఒక్కటే తెస్తే పిల్లవాడు రెండు రోజులు తిరగేసి అటక మీద పడేస్తాడు, డబ్బు దండగ అని తండ్రి అంటాడు. ఇరుగుపొరుగు రెండు ఇళ్లవారు చెరొకటి కొంటే, లేదా రెండు మూడు పేకలు కలిపి ఉన్న పెట్టె పంచుకుంటే భారం తగ్గుతుంది. పోకెమాన్ వారు 2020లో తెచ్చిన బాటిల్ అకాడమీ అనే పెట్టెలో మూడు పేకలు, పరిచి ఆడే అట్ట ఉన్నాయి. నేర్చుకునే వారికి అలాంటివి మేలు. అమెరికా నుంచి వచ్చే చుట్టాన్ని ఏదైనా అడగదలచుకుంటే పొట్లాలు కాదు, ఇదే అడగాలి. పోటీలకు చెల్లని పాత వరుస పేక తక్కువ ధరకు దొరికినా తీసుకోవచ్చు. చెల్లని తనం పోటీ బల్ల దగ్గరే గాని మన అరుగు మీద కాదు.

ఆట పట్టుబడి, ఇంకా బలం కావాలని పిల్లవాడు అడిగితే అప్పుడైనా పొట్లాల జోలికి పోకూడదు. కావలసిన ముక్కనే విడిగా అమ్మేవారు ఉన్నారు. సాదా ముక్కలు చౌకగానే వస్తాయి. పేకలో ఏవి దండగో, వాటి బదులు ఏవి కావాలో అప్పటికి వాడికే తెలిసి ఉంటుంది. తెలియకపోతే ఇంకొన్నాళ్లు ఉన్నదానితోనే ఆడమనాలి.

పెట్టె విప్పగానే ముక్కలు లెక్క పెట్టుకోవాలి, పోకెమాన్ దైతే 60 ఉండాలి. ఆట తీరు చెప్పే కాగితం పారేయకుండా మడిచి అందులోనే పెట్టాలి. చాలా పెట్టెల్లో బొమ్మా బొరుసూ వేయడానికి ఒక నాణెం, దెబ్బలు లెక్కపెట్టడానికి అట్ట బిళ్లలు ఉంటాయి. వారం తిరక్కుండా అవి పోతాయి. పోయాయని కొత్త పెట్టె అడిగే పిల్లవాడికి ఒక రూపాయి బిళ్ల, గుప్పెడు చింతగింజలు ఇస్తే ఆట సాగుతుంది.