హుమ్మ మడి గట్టు మీద పరిశోధన పాఠం

ఒడిశాలో 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయానికి హుమ్మ ఉప్పు మడులు దగ్గర్లోనే ఉన్నాయి. అక్కడి ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో పరిశోధనా పద్ధతులంటే నోట్సు బట్టీపట్టి రాసే పేపరు కాకూడదు. పిల్లల్ని మడి గట్టు మీదికి తీసుకెళ్లండి. గట్టువార ఉప్పూ నడిమి ఉప్పూ ఒకటేనని ఎలా అనగలం? నమూనాలు ఎక్కడ, ఎన్ని తీయాలన్నది అక్కడే తేలుతుంది. ఆపైన ఆ నమూనాల్లో క్లోరైడు కొలిచే టైట్రేషన్: క్రోమేటు పసుపులో ఇటుకరంగు నిలిచిన తొలి చుక్క దగ్గరే సిల్వర్ నైట్రేటు ఆపాలి. మూడుసార్లు చేస్తే మూడు అంకెలు రావచ్చు. నచ్చనిదాన్ని కొట్టేయనివ్వని గురువు కావాలి. మడి దగ్గర నేర్చిన ఈ పద్ధతి దుకాణం ఉప్పుకీ పనికొస్తుంది: చిల్లర దుకాణంలో అమ్మే అయోడైజ్డ్ ఉప్పులో అయోడిన్ కనీసం 15 పీపీఎం ఉండాలన్నది నిబంధన. బరంపురం దుకాణాల్లో అది ఎంతుందో కొలిచే పని ఈ ఏడాదే విద్యార్థులకు అప్పగించాలి.