హద్దు రాయి

ఈ నెల ఇంగ్లాండులోని ఒక చిన్న పల్లెను మీకు పరిచయము చేయగోరుచున్నాము.

డెర్బీషైర్ కొండల నడుమ ఈమ్ అను గ్రామమున్నది. పూర్వము గొర్రెల పెంపకము, సీసపు గనులు అక్కడివారి జీవనాధారము. 1665లో లండను నుండి దర్జీ ఇంటికి వచ్చిన బట్టలతో ప్లేగు ఆ ఊరిలో ప్రవేశించెనని చెప్పుదురు. మరుసటి వేసవికి తెగులు ముదిరెను.

అప్పటి సంఘకాపరి విలియం మాంపెసన్. ఆయనకు ముందున్న థామస్ స్టాన్లీ, ఆరాధన క్రమము విషయములో ప్రభుత్వమునకు లోబడక పదవి కోల్పోయినవాడు. కలియుట కష్టమైన ఆ యిద్దరును ఏకమై, తెగులు పొరుగూళ్లకు పాకకుండునట్లు ఎవరును ఊరు దాటవద్దని ప్రజలను బతిమాలిరి. ప్రజలు ఒప్పుకొనిరి. గుడి మూసి, లోయలో ఆరుబయట ఆరాధించిరి. హద్దు రాతి గుంటలలో చిరక పోసి నాణెములుంచగా, పొరుగువారు ఆహారము పెట్టి పోయెడివారు. ఎవరి మృతులను వారే పాతిపెట్టుకొనిరి. ఎలిజబెత్ హాంకాక్ అను తల్లి ఎనిమిది దినములలో భర్తను, ఆరుగురు బిడ్డలను పాతిపెట్టెను. కాపరి భార్య కాథరిన్ కూడ 1666 ఆగస్టులో మరణించెను. తెగులు ఆగునప్పటికి సుమారు 260 మంది గతించిరి. నేటికిని ప్రతి ఆగస్టు చివరి ఆదివారమున అక్కడ వారిని జ్ఞాపకము చేసికొందురు.

2020లో కరోనా వచ్చినప్పుడు మన పల్లెల పొలిమేరలలో కంపలు అడ్డము వేసిరి. అవి బయటివారు లోనికి రాకుండుటకు. ఈమ్ వారి హద్దు తామే బయటకు పోకుండుటకు. ఆ దినములలో మేమును మా గడప కాచుకొన్నవారమే గనుక, ఇది వ్రాయుటకు సిగ్గుపడుచున్నాము.

పొరుగువాని క్షేమము కోరు ప్రేమను ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.