కాగితం రాలేదు, మరి లెక్క?

టెక్సాస్‌లో స్థిరపడిన ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ముందుగా చూద్దాం. వాళ్లబ్బాయి అక్కడే కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్నాడు. నిరుడు కాలేజీవారు 1098-టి అనే ఫారం పంపారు. ఈసారి పంపలేదు. “కాగితమే రానప్పుడు స్కాలర్‌షిప్ ఊసు పన్ను రిటర్నులో ఎత్తడం ఎందుకు?” అని వారి శ్రీవారు. “కాగితం లేకపోతే ఫీజు మీద వచ్చే పన్ను తగ్గింపు పోయినట్లే” అని పొరుగింటివారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలని ఆమె ప్రశ్న.

ఇద్దరి మాటా వినకండి.

ఆ ఫారం కాలేజీవారు ప్రభుత్వానికీ, విద్యార్థికీ ఇచ్చే సమాచారపు చీటీ. ఆ ఏడు ముట్టిన ఫీజు ఒకటో గడిలోనూ, స్కాలర్‌షిప్‌లు అయిదో గడిలోనూ వేస్తారు. జనవరి 31 లోగా ఇవ్వాలి. కాని ఫీజు యావత్తూ స్కాలర్‌షిప్‌తోనే తీరిపోయిన విద్యార్థికి ఇవ్వనక్కరలేదు. మీ అబ్బాయికి ఈ ఏడు స్కాలర్‌షిప్ పెరిగిందని వ్రాశారు గదా, కారణం అదే అయివుంటుంది. అయినా ముందు అబ్బాయిని కాలేజీ ఖాతా తెరిచి చూడమనండి. పోస్టులో వద్దు, ఆన్‌లైన్‌లో చాలు అని ఎప్పుడో ఒప్పుకుని మరచిపోయే పిల్లలు చాలామంది. అడగడం కూడా వాడే అడగాలి. సాధారణంగా కాలేజీవారు తల్లిదండ్రులతో ఈ సంగతులు మాట్లాడరు, ఫీజు కట్టింది మీరే అయినా సరే!

కాలేజీవారికి ఫారం ఇవ్వవలసిన బాధ్యత లేకపోతే, చదువుతున్నట్లూ ఫీజు కట్టినట్లూ రుజువులు చూపగలిగితే చాలు, తగ్గింపు కోరవచ్చు. ఇవ్వవలసి ఉండీ ఇవ్వకపోతే, జనవరి 31 తర్వాత, రిటర్ను పంపేలోగా ఒకసారి అడిగి ఉండాలి. అడిగినట్లు ఆధారం దాచుకోండి. 8863 ఫారంలో వేయవలసిన కాలేజీ గుర్తింపు సంఖ్య నిరుటి 1098-టి మీదనే దొరుకుతుంది.

ఇక లెక్క. మన ఇళ్లలో పెద్దవాళ్లు చీటీలన్నీ ఇనుప తీగకు గుచ్చి గోడకు తగిలించేవారు. మీకు కావలసింది ఆ తీగే. కాలేజీ ఇచ్చే విద్యార్థి ఖాతా వివరం, బ్యాంకు కాగితాలు, పుస్తకాల రసీదులు ఒకచోట పెట్టండి. తేదీలు చూడండి. జనవరిలో మొదలయ్యే టర్ము ఫీజు డిసెంబరులోనే కట్టి ఉంటే, అది కట్టిన ఏటి లెక్కలోకే వస్తుంది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

మీరు వ్రాసిన అంకెల ప్రకారం ట్యూషనూ, తప్పనిసరి ఫీజులూ 11,000 డాలర్లు. కోర్సుకు కావాలన్న పుస్తకాలు 800. స్కాలర్‌షిప్ 14,000. డిగ్రీ చదివే విద్యార్థికి ట్యూషను, ఫీజులు, కోర్సుకు తప్పనిసరి పుస్తకాలు, సామగ్రికి ఖర్చయిన స్కాలర్‌షిప్‌కు పన్ను లేదు. హాస్టలుకూ భోజనానికీ వాడినదానికి ఉంది. 11,800 పోగా మిగిలిన 2,200 అబ్బాయి ఆదాయం. మీది కాదు, వాడిది. వాడు రిటర్ను పంపితే షెడ్యూల్ 1లో ఇందుకు వేరే గడి ఉంది. కనుక “ఊసు ఎత్తనక్కరలేదు” అన్న మీవారి మాట చెల్లదు. వాడికి వేరే సంపాదన లేదన్నారు కాబట్టి పన్ను కట్టవలసింది ఏమీ ఉండకపోవచ్చు, అది వేరే సంగతి.

పొరుగింటివారి మాట కూడా ఎందుకు చెల్లదో చూడండి. స్కాలర్‌షిప్ షరతులు హాస్టలు ఖర్చుకు కూడా ఒప్పుకుంటే, అందులో మరో 4,000 భోజనానికీ గదికీ వాడినట్లు లెక్క చూపవచ్చు. ఆ ఖర్చు నిజంగా అంత అయివుండాలి సుమా! మీకు 12,000 అయిందన్నారు, చాలు. అప్పుడు అబ్బాయి ఆదాయం 6,200 అవుతుంది. 2024 సంవత్సరానికి స్టాండర్డ్ డిడక్షన్ పరిమితి 14,600. ఇలాంటి స్కాలర్‌షిప్ ఆదాయాన్ని ఆ డిడక్షన్ లెక్కకు సంపాదన కిందే చూస్తారు గనుక వాడికి పన్ను పడదు. ఇటు 4,000 డాలర్ల ఫీజు మీరు కట్టినట్లు నిలుస్తుంది. అమెరికన్ ఆపర్ట్యూనిటీ క్రెడిట్ మొదటి 2,000కు పూర్తిగా, తర్వాతి 2,000కు నాలుగో వంతు. అంటే 2,500 డాలర్లు మీ పన్నులో నేరుగా తగ్గుతాయి. ఇది గూడుపుఠాణీ కాదు, చట్టం ఒప్పుకున్న దారే. ట్యూషనుకే వాడాలని షరతున్న స్కాలర్‌షిప్ అయితే మాత్రం ఈ దారి లేదు. భార్యాభర్తల ఉమ్మడి ఆదాయం 1,60,000 దాటితే తగ్గింపు కరుగుతూ 1,80,000కు పూర్తిగా పోతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కనుక మీకు ఆ బెడద లేదు. ఇతర రాష్ట్రాలవారు అదీ చూసుకోవాలి.

రెండో ఉత్తరం గుంటూరు నుంచి. అబ్బాయి ఎఫ్-1 వీసా మీద ఎం.ఎస్. చదవడానికి వెళ్లి రెండేళ్లయింది. వాడికి 1098-టి వచ్చింది. “కాగితం వచ్చింది గదా, వెయ్యి డాలర్లు తిరిగి వస్తాయి” అని సీనియర్లు చెబితే రిటర్ను పంపాడు, డబ్బు కూడా బ్యాంకులో పడింది. తల్లిగారు సంతోషంతో వ్రాశారు. నాకు మాత్రం గుండె గుభేలుమంది.

టెక్సాస్ అబ్బాయికి కాగితం లేకపోయినా హక్కు ఉంది. ఈ అబ్బాయికి కాగితం ఉన్నా హక్కు లేదు. ఎఫ్-1 విద్యార్థులు సాధారణంగా మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరాలు పన్ను చట్టం దృష్టిలో నాన్‌రెసిడెంట్లు. వాళ్లు పంపవలసింది 1040-ఎన్ఆర్. చదువు క్రెడిట్లు వాళ్లకు రావు. పైగా ఆపర్ట్యూనిటీ క్రెడిట్ కాలేజీ చదువులో మొదటి నాలుగేళ్లకే, ఎం.ఎస్.కు కాదు. అజాగ్రత్తగా కోరితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఆ క్రెడిట్ మళ్లీ అడగకుండా నిషేధిస్తారు. వడ్డీ, జరిమానా అదనం.

పిల్లవాణ్ణి కోప్పడకండమ్మా, తెలియక చేశాడు. వాళ్ల నోటీసు వచ్చేదాకా ఆగకుండా 1040-ఎక్స్ ఫారంతో రిటర్ను సవరించి, వచ్చిన డబ్బు తిప్పి కట్టమనండి. చాలా విశ్వవిద్యాలయాల్లో విదేశీ విద్యార్థుల కార్యాలయం ఉంటుంది. పన్ను విషయంలో ఎవరిని కలవాలో అక్కడ చెబుతారు. ఆ వెయ్యి డాలర్లు ఇంకా ఖర్చు కాకపోతే, ముట్టుకోవద్దని ఈ రాత్రికే ఫోను చేయండి.