చుక్కే కదా అంటే ఒప్పుకోను

నెల్లూరు తీరంలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. శ్రీహరికోట షార్‌లో రాకెట్ ఎగిరిన రోజున పైకి చూడాలి, మిగతా రోజుల్లో ఆకాశంతో మనకేం పని? అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఈ సాయంత్రం మన మీదుగా పోతుందని చెబితే, ‘ఒక చుక్క కదుల్తుంది, అంతేగా’ అని పెదవి విరుస్తారు. సైన్సు పాఠాలు చెప్పేవాళ్లు కూడా ఇదే మాట అంటుంటే ఊరుకోబుద్ధి కావడం లేదు.

రాకెట్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వి-3 రోహిణిని కక్ష్యలో పెట్టిన నాటి నుంచి శ్రీహరికోట మనకు గర్వకారణం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది తిరుపతి జిల్లాలో కలిసినా ఆ మమకారం తగ్గలేదు. అయితే ప్రయోగంలో మన కంటికి అందేది మొదటి కొద్ది నిమిషాలే. మంట, పొగ, కాస్త ఆలస్యంగా చేరే ఉరుము. అసలు సంగతి, అంటే ఒక వస్తువు కిందపడకుండా భూమి చుట్టూ తిరగడం, మన చూపు దాటాకే మొదలవుతుంది. ఆ తిరగడాన్ని కళ్లెదుట చూపించేది అంతరిక్ష కేంద్రమే.

109 మీటర్ల పొడవు, 400 టన్నులకు పైగా బరువు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో, గంటన్నరకో చుట్టు చుడుతుంది. 2000 నవంబరు నుంచి అందులో మనుషులు లేని రోజు లేదు. ఈ చుక్కలో మనుషులున్నారు, దాన్ని చుక్కే కదా అని ఎలా అంటాం?

టెలిస్కోపు అక్కర్లేదు. పొద్దుగూకిన గంట, గంటన్నర లోపో, తెల్లారగట్లో వస్తుంది. విమానంలా మినుకుమినుకుమనదు, చప్పుడు చేయదు, పడమటి వైపు నుంచి తూర్పు వైపుకు నాలుగైదు నిమిషాల్లో దాటిపోతుంది. బాగా నెత్తిమీదకు వచ్చినప్పుడు శుక్రుడితో పోటీపడుతుంది. ఆ వెలుగు దాని సొంతం కాదు. మైపాడు ఇసుకలో చీకటి పడినా 400 కిలోమీటర్ల పైన ఇంకా ఎండ ఉంటుంది. ఆ ఎండ దాని పలకల మీద పడి మనకు కనిపిస్తుంది. చాలా సాయంత్రాలు మబ్బు లేకపోయినా నడి ఆకాశంలోనే ఎర్రబడి మాయమవుతుంది. అక్కడ మొదలయ్యేది భూమి నీడ. ఒడ్డున నిలబడిన పిల్ల భూమి నీడ అంచును తన కళ్లతో చూస్తుంది! ఏ పాఠ్యపుస్తకంలోని బొమ్మ ఇంత చెప్పగలదు? మరో గంటన్నరకు కేంద్రం చుట్టు తిరిగొచ్చేలోగా భూమి సుమారు 23 డిగ్రీలు తిరిగిపోతుంది, అందుకే దాని దారి పడమటికి జరుగుతుంది. భూభ్రమణం బట్టీపట్టక్కర్లేదు, ఈ జరగడంలోనే అర్థమవుతుంది.

ఊళ్లో దీపాల వెలుగులో ఏం కనిపిస్తుందంటారు. కృష్ణపట్నం రేవు దీపాలు, రొయ్యల గుంటల దీపాలు నక్షత్రాలను మింగేస్తున్న మాట నిజం, అది వేరే గొడవ. అంతరిక్ష కేంద్రం మాత్రం నెల్లూరు నడిబొడ్డున మిద్దె మీద నుంచి కూడా కనిపిస్తుంది. అడ్డు మబ్బే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరీను.

పరికరాలు లేనిదే ఆకాశం అర్థం కాదనడం ఈ తీరాన్ని అవమానించడం. పట్టపుపాలేల్లో తరతరాలుగా వేటకెళ్లినవాళ్లు వేగుచుక్కను, గొల్లకావడిని, పిల్లలకోడిని చూసే పొద్దు తెలుసుకున్నారు. జీపీఎస్ వచ్చింది నిన్న మొన్న.

చూడకపోవడానికి మూల్యం కూడా ఉంది. 1979లో స్కైలాబ్ పడుతుందంటే తెలుగు పల్లెలు వణికిపోయాయి. అదీ అంతరిక్ష కేంద్రమే. చివరికి జూలై 11న దాని శకలాలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఆనాడు చెప్పేవాళ్లు కరువు. ఇవాళ చెప్పేవాళ్లున్నా, వరసగా పోయే స్టార్‌లింక్ ఉపగ్రహాలు కనబడగానే ఫోన్లలో పుకార్లు మొదలవుతున్నాయి. రోజూ పైకి చూసే అలవాటున్న ఊరిలో అవి అంత తేలిగ్గా చెల్లవు.

2025 జూన్, జూలైల్లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న రోజుల్లో పిల్లలంతా టీవీ ముందు కూర్చున్నారు. ఆయన మన మీదుగా ఎన్నోసార్లు వెళ్లారు. బయటికొచ్చి చూడమని ఎన్ని బడులు చెప్పాయి? హైదరాబాద్ మూలాలున్న నాసా వ్యోమగామి రాజాచారి 2021 నవంబరు నుంచి 2022 మే దాకా అక్కడే ఉన్నారు. అప్పుడూ అంతే.

2030 తర్వాత ఈ కేంద్రాన్ని సముద్రంలో కూల్చేయాలని నాసా నిర్ణయించింది. 2035కల్లా మన సొంత కేంద్రాన్ని నిర్మించాలన్నది ఇస్రో లక్ష్యం. దాన్ని నడపాల్సినవాళ్లు ఇప్పుడు ఆరో తరగతిలోనో, ఎనిమిదిలోనో ఉన్నారు. ఇప్పుడున్న కేంద్రం ఏ ఊరి మీదుగా ఎప్పుడు వెళ్తుందో నాసా ఉచితంగానే చెబుతోంది. హెడ్మాస్టర్లూ, వారానికోసారి ఆ వేళ, ఆ దిక్కు ప్రార్థన సమయంలో చదివి వినిపించండి, బోర్డు మీద రాయించండి. మర్నాడు ఎంతమంది చూశారో, ఎక్కడ మాయమైందో అడగండి.